ముత్తవ్వ పుట్టిల్లు

జంపక్క బియ్యం చెరుగుతోంది. చేట పైకి లేచినప్పుడల్లా ఊక గాలికి కొట్టుకుపోయి వాకిట్లో ఆరబోసిన ఇప్పపువ్వు మీద పడుతోంది. మరొకప్పుడైతే అటు తిరిగి కూచునేది. మగడు పోయి వారమన్నా కాని మనిషికి గాలి ఎటు వీస్తే ఏమిటి?

హెప్సిబా ఆమెకు ఎదురుగా కూచుని, చెరిగిన బియ్యంలో మట్టిపెళ్లలు ఏరుతోంది. పర్ణశాల బస్సు దిగి, అడవి దారిన నడిచి ఈ గూడెం చేరి చాలాసేపయింది. ఇంకా ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఖమ్మంలో పెళ్లి ఎంక్వైరీలు చేసిపెట్టడం ఆమె వృత్తి. పిల్లాడి ఇంటిపేరు నిజమేనా, ముత్తాతది ఏ ఊరు, మేనమామలు ఎవరు, ఏ తరంలో ఏం దాచారు, ఇవన్నీ తవ్వి పిల్ల తరఫువాళ్లకు చెప్పాలి. ఆ పనిలో ఆమె నేర్చుకున్నది ఒకటుంది. పని చేస్తున్న చేతుల ముందు ఊరికే కూచుంటే మాట దానంతటదే వస్తుంది.

వచ్చింది.

"నువ్వు పోలీసోళ్ల లెక్క ఏం అడుగుతలేవేంది పిల్లా?" అంది జంపక్క, చేట ఆపకుండానే.

"వాళ్లు ఏమడిగిండ్రు పెద్దమ్మా?"

"ఎంత తాగిండు అనడిగిండ్రు. తాగిండా అని అడగలే. ఎంత తాగిండు అనే."

ఆమె మగడు లచ్చయ్య శవం ఆదివారం పొద్దున వాగు చప్టా పక్కన దొరికింది. ఇప్పసారా తాగి జారిపడి, తలకు రాయి తగిలి చచ్చిపోయాడని పోలీసులు తేల్చేశారు. లచ్చయ్య డోలి కోయ. కోయ ఇండ్లలో ఎవరి వంశం ఎక్కడ పుట్టింది, ఏ ఇంటిపేరు ఎవరి నుంచి దిగింది అన్నది డోలు కొట్టి పాడడం తరతరాలుగా ఆ ఇంటి పని. చుట్టుపక్కల గూడేల్లో పెళ్లి కుదరాలన్నా, చావు గడవాలన్నా అతని పాట ఉండాల్సిందే.

అదే పాట అతని మీదికి వచ్చింది. గూడెం కింద నాలుగెకరాలు లచ్చయ్య తండ్రివి. చాలా ఏళ్లుగా వాటిని దున్నుకుంటున్నది మాత్రం గంధం వెంకటప్పయ్య. ఏజెన్సీ ప్రాంతంలో కోయల భూమి బయటివాళ్ల పేరు మీదికి ఎక్కదు. లచ్చయ్య కేసు వేశాడు, గెలిచే దాకా వచ్చాడు. అప్పుడు వెంకటప్పయ్య కొడుకు జయప్రకాశ్ కొత్త మాట ఎత్తాడు. మేం బయటివాళ్లం కాదు, మేమూ కోయలమే, కోయల్లో గంధం ఇంటిపేరు లేదా అని. ఉంది. నాలుగు కొంపల్లో ఉంది.

రేపు గురువారం భద్రాచలంలో ఆఖరి విచారణ.

ఆ జయప్రకాశ్‌కు పిల్లనివ్వబోయిన ఖమ్మం పెద్దమనిషి కోసమే హెప్సిబా మొదట ఈ వంశాన్ని తవ్వింది. అప్పుడు వెంకటప్పయ్య ఆమెను వరండాలో కూచోబెట్టి, మజ్జిగ ఇప్పించి, మీసం దువ్వుకుంటూ చెప్పాడు. "మాది బాపట్ల దగ్గరమ్మాయ్. మా ముత్తాత పొగాకు బేరానికి బండి కట్టుకుని ఇటొచ్చాడు. మా వంశంలో బయటి చుక్క లేదు. ఎక్కడైనా కనుక్కో." ఆ తర్వాత నెల తిరక్కుండానే ఆయన ముత్తాత అడవిలో పుట్టాడు. పెళ్లికొక ముత్తాత, పొలానికొక ముత్తాత. పెళ్లివాళ్లు సంబంధం వదులుకున్నారు గాని, ఆ మాట విచారణలో చెప్పమంటే చేతులు జోడించారు. మాకెందుకమ్మా ఆ గొడవ అన్నారు. లచ్చయ్య చావు వార్త పేపర్లో చూసిన రోజు హెప్సిబాను ఎవరూ పిలవలేదు. తనే బస్సెక్కింది.

"పెదనాయిన శనివారం డోలు తీసుకొని ఎటు పోయిండు?" అని అడిగిందిప్పుడు.

"నాకు తెల్వది."

"చెప్పలేదా?"

"నేను అడగలే." జంపక్క చేట కిందపెట్టింది. "ఆయనతోటి మాట బంద్ జేసిన. పోయిన గురువారం నుంచి."

"ఎందుకు?"

"అమ్ముడువోయిండని." ఆమె గొంతులో ఏడుపు లేదు, ఎండిన కోపం ఉంది. "గంధపోళ్లు పిలిచిండ్రు. మేం మీవోళ్లమే అని పాడు, నాలుగెకరాల్ల రెండెకరాలు నీకు ఇడుస్తం అన్నరు. కేసు ఏసినోడే పాడితే ఇగ తిరుగేముంటది? సరే అన్నడు ఈయన. కొడుకును తీసుకపోయి గురువారం పొద్దుమూకి వాళ్లింట్ల పాడొచ్చిండు. వచ్చి పండుకొని నవ్వుతడు. ఏంది నవ్వు అంటే, వచ్చే గురువారం విచారణల అందరు నవ్వుతరు, నువ్వు గూడ నవ్వుతవు అన్నడు. మామ భూమి అమ్మి నవ్వుతవా అని అటు మొకం పెట్టి పండుకున్న. గంతే. మళ్ల మాట్లాడలే. శవం తెచ్చినంక మాట్లాడిన."

హెప్సిబా ఏరడం ఆపింది. పెళ్లి ఎంక్వైరీకి వచ్చినప్పుడు లచ్చయ్యను ఆమె ఒకసారే చూసింది. నవ్వే మనిషి కాదు.

గోడకు డోలు వేలాడుతోంది. ఆమె లేచి దగ్గరకు వెళ్లింది. తోలు మీద వేలితో తట్టింది. కంగుమంది.

"దీన్ని ఎవరన్నా బిగించిండ్రా?"

"ఎవరు ముట్టలే. కానిస్టేబులు తెచ్చి ఇచ్చిండు, కొడుకు తగిలించిండు. చప్టా కాడ చెట్టు కొమ్మకు ఉండెనంట." జంపక్క అప్పుడు తలెత్తి చూసింది. తాళ్ల వైపు చూస్తూ ఉండిపోయింది. "ఆయన పాట కాంగనే తాళ్లు వదులు జేస్తడు పిల్లా. ఎంత తాగినా జేస్తడు. లేకుంటే ఎండకు తోలు పగుల్తదని."

అంటే పాట కాలేదు. లేదా పాట అయిన తర్వాత తాళ్లు వదులు చేసే టైము ఆయనకు దొరకలేదు.

బిందె భుజాన పెట్టుకుని బొజ్జయ్య లోపలికి వచ్చాడు. లచ్చయ్య కొడుకు. పాతికేళ్లుంటాయి. తండ్రి డోలు కొడితే పక్కన కొమ్ము ఊదేది అతనే. హెప్సిబాను చూసి బిందె దించాడు గాని కూచోలేదు.

"శనివారం నువ్వెందుకు వెంట పోలేదు తమ్ముడూ?"

"సారపాక పోయిన. పేపరు మిల్లు కాడ కర్ర లారీ అన్‌లోడింగుకు మనుషులు గావాలన్నరు."

"గురువారం పాడినప్పుడు అక్కడ ఎవరెవరున్నరు?"

"వెంకటప్పయ్య దొర, దొర కొడుకు, ఇంకొక సారు. ఖమ్మం సారు, ఫోన్ల వీడియో తీసిండు. మేమిద్దరం." గోడకేసి చూస్తూ చెప్పాడు. "నాయినకు టైమొచ్చింది మేడం, పోయిండు. ఇప్పుడు గివన్ని ఎందుకు?"

ఆ ఖమ్మం సారు ఎవరో హెప్సిబాకు తెలుసు. ఆమె ఇంకేమీ అడగకుండా చెప్పులు వేసుకుని వాగు వైపు నడిచింది.

*

చప్టా కింద నీళ్లు పాదం మునిగేంత ఉన్నాయి. పడాలని పడినా చావడం కష్టం. తలకు తగిలిందంటున్న రాయిని తెల్ల సున్నంతో గుర్తు పెట్టారు. రాయికి అటూ ఇటూ ఇసుక. ఇంత ఇసుక వదిలి ఆ ఒక్క రాయినే వెతుక్కుని పడాలి.

ఆమె రాయి దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. డోలు వేలాడిన చెట్టు కోసం చూసింది. ఒడ్డు పైన జామాయిల్ తోట మొదలవుతుంది. తోట వెంకటప్పయ్యదే. మొదటి వరసలో ఒక నల్లమద్ది మిగిలి ఉంది. దాని వంగిన కొమ్మకు తాడు రాపిడి తెల్లగా కనబడుతోంది.

చెట్టు కింద బూడిద. పిడికెడంతే. వంటకు చాలదు, చలికాగే కాలం కాదు. జామాయిల్ ఆకులు పోగేసి మంట పెట్టి ఆర్పినట్టుంది. హెప్సిబా దాని పక్కన కూచుని ఆలోచించింది. చర్చిలో క్రిస్మస్ భజనలప్పుడు డప్పు వాయించే తాత, చర్చి వెనక గడ్డి మంట వేసి తోలు కాచేవాడు. కాస్తే తోలు బిగుస్తుంది. తాగి తూలుతూ ఇంటికి పోయేవాడు దారిలో కూచుని డోలు కాచుకోడు. ఎవరో పాడమంటేనే కాస్తాడు.

ఎవరో ఇక్కడ కూచున్నారు కూడా. బూడిదకు ఎదురుగా మట్టిలో నాలుగు కాళ్ల గుంటలు, ప్లాస్టిక్ కుర్చీవి. బరువైన మనిషి కూచుని ఉంటాడు, వెనక కాళ్లు లోతుగా దిగాయి. కుర్చీ పక్కన ఇంకో మూడు చిన్న రంధ్రాలు, మూడు మూలల్లో. రెండు గుండ్రంగా, మెత్తగా ఉన్నాయి. మూడోది ఇనుప చువ్వ దిగినట్టు సన్నగా, లోతుగా ఉంది. ఆమె వేళ్లతో చుట్టూ ఆకులు కదిపింది. నల్లటి రబ్బరు టోపీ ఒకటి దొరికింది, బొటనవేలి గోరంత.

ఫోను నిలబెట్టే స్టాండు కాలిది.

వెనక బుల్లెట్ బండి ఆగిన చప్పుడు. ఆమె రబ్బరు టోపీని పిడికిట్లో మూసి లేచి నిలబడింది.

"ఏంది హెప్సిబా, అడవిల పెళ్లి సంబంధాలు చూస్తున్నవా?"

అనిల్‌కుమార్. ఒకప్పుడు కానిస్టేబుల్. ఇప్పుడు ఖమ్మంలో ఏసీ ఆఫీసున్న డిటెక్టివ్ ఏజెన్సీ. ఆమె మొదట పని నేర్చుకున్నది అతని దగ్గరే. ఆమె తెచ్చిన రిపోర్టుల కింద తన సంతకం పెట్టుకుంటుంటే విడిచి వచ్చింది. గంధం వాళ్లకు వంశం తయారు చేసిపెడుతున్నది అతనే.

"నమస్తే అన్నా. ఏమన్నా పారేసుకున్నవా?"

"ఎందుకట్ల అడుగుతున్నవ్?"

"బండి దిగినప్పటి నుంచి నా మొకం చూస్తలేవు, నేల చూస్తున్నవ్."

అతను నవ్వాడు. నవ్వుతూనే కుర్చీ గుంటల మీదికి వచ్చి నిలబడ్డాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ బూటుతో మట్టి సర్దాడు.

"మా దొరవారు తోట చూడనీకి వస్తే ఇక్కడనే కూసుంటరు. నీడ బాగుంటది. నీకు ఫీజిచ్చేటోడు కూడ లేడంట గద. ఎందుకమ్మా ఈ తిరుగుడు? ముసలోడు తాగిండు, పడ్డడు. పోలీసులు రాసుకున్నరు. జంపక్క వేలిముద్ర ఏసింది."

"తాగినోడు డోలు కాచుకున్నడు అన్నా."

అతను బూడిద వైపు చూశాడు. అంతవరకు చూడలేదని ఆ చూపులోనే తెలిసింది. ఊరివాడు కానివాడు చేసే తప్పు అది. కుర్చీ తీశాడు, స్టాండు తీశాడు, డోలును చెట్టుకు తగిలించాడు. బూడిదకు అర్థం ఉంటుందని తోచలేదు.

"పసులు కాసేటోళ్లు బీడీకి ముట్టించుకుంటరు," అన్నాడు.

"అవ్. ముట్టించుకుంటరు." ఆమె అక్కడితో వదిలేసింది. "రేపు వంశం ఎవరు పాడుతరు మరి? పెదనాయిన లేడు గద."

"కొడుకు లేడా? బొజ్జయ్య పాడుతడు. గంధం పెద్దిరామయ్య, ఆయన భార్య బాడెం ఇంటి ఆడపడుచు, వాళ్ల కడుపున ముగ్గురు..." చేతివేళ్లు మడుస్తూ చదువుకున్న పిల్లాడిలా అప్పజెప్పాడు. "నాలుగు తరాలు. తిరుగులేదు. విన్నవా? ఇంటికి పో."

బాడెం అన్న పేరు దగ్గరే హెప్సిబా ఆగింది. పోయిన శుక్రవారం పొద్దున ఖమ్మం బస్టాండులో ఇదే మనిషి, చాయ్ తాగుతూ, పాత శిష్యురాలి ముందు గొప్ప చెప్పుకున్నాడు. రాత్రే పాడించినం, ముసలోడు దారికొచ్చిండు, మా గంధపోళ్ల ముత్తవ్వ పొర్తెం ఇంటి ఆడపడుచంట, నీ రిపోర్టు చింపుకో అన్నాడు. పొర్తెం. ఆమె ఇంటిపేర్లు మరిచిపోదు. అన్నం పెట్టేది అవే.

శుక్రవారం పొర్తెం. బుధవారం బాడెం. చచ్చి నూరేళ్లయిన ముత్తవ్వ ఈ అయిదు రోజుల్లో పుట్టిల్లు మార్చుకుంది.

"మొన్న పొర్తెం అన్నవ్ అన్నా."

మట్టి సర్దుతున్న అనిల్‌కుమార్ బూటు ఆగింది. "నేనా? లేదు. నువ్వు తప్పు విన్నవ్."

"ఇంటిపేరు నేను తప్పు వినను. ఆ మాట నువ్వే అనేటోనివి."

అతను దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. "నీ ఇంటిపేరు సంగతి చూసుకో ముందు. మీ ఇండ్లల్ల ఒక్కొక్కరికి రెండు పేర్లుంటయి గద. చర్చిల హెప్సిబా, బడిల సరోజ. చర్చికొక కులం, సర్టిఫికెట్టుకొక కులం. గంధపోళ్లు చేస్తే తప్పొచ్చిందా?"

అది నిజమే. బడి రిజిస్టరులో ఆమె సరోజే. ఆ పేరు పెట్టిన రోజు నాన్న క్రీస్తుదాసు అన్నం తినకుండా పడుకున్నాడు. బాప్తిస్మం పేరు రాయిస్తే స్కాలర్‌షిప్పు పోతుందని హెడ్మాస్టరే చెప్పాడు. చిన్నప్పుడు రెండు పేర్ల మధ్య ఆమె చాలాసార్లు సిగ్గుపడింది. ఇప్పుడు పడలేదు.

"రెండు పేర్లు పెట్టుకున్నం అన్నా," అంది. "ఎవరి భూమి దున్నుకోలే. ఎవరిని వాగుల పండబెట్టలే."

"నోరు జాగ్రత్త. ఈ అడవిల నెట్‌వర్కు కూడ ఉండదు."

ఆమె చప్టా వైపు దిగింది. వెనక అతను మోకాళ్ల మీద కూచుని ఆకులు తిరగేయడం వినబడుతూనే ఉంది. పిడికిట్లో రబ్బరు టోపీ చెమటకు తడిసింది.

*

జంపక్క పొయ్యి ముట్టించింది. బొజ్జయ్య గడపలో కూచుని ఫోను చూసుకుంటున్నాడు. ఎండ వాకిలి దాటి పోతోంది. హెప్సిబా పీట లాక్కుని పొయ్యి పక్కన కూచుంది.

"పెద్దమ్మా, ఒక సంగతి చెప్పు. కోయల గంధం ఇంటి పిలగాడు పొర్తెం ఇంటి పిల్లను చేసుకోవచ్చా?"

"ఛీ, గట్లనకు." జంపక్క చెయ్యి అడ్డం పెట్టింది. "గంధం, పొర్తెం ఒక్క గట్టు. ఇంటిపేరు ఏరైనా వేల్పు ఒకటే. అన్నచెల్లెండ్లు అయితరు. మీరు ఒక్క ఇంటిపేరోళ్లు చేసుకోరు చూడు, మేం ఒక్క గట్టోళ్లం చేసుకోం. గట్ల చేసుకున్నోళ్లను గూడెంల ఉండనియ్యరు."

"గంధం ఇంటోడు బాడెం ఇంటి పిల్లను చేసుకుంటే?"

"అది ఏరే గట్టు. చేసుకోవచ్చు. ఎందుకు?"

హెప్సిబా నిప్పుల వైపు చూస్తూ చెప్పింది. "గురువారం పెదనాయిన పాడినప్పుడు గంధపోళ్ల ముత్తవ్వ పొర్తెం ఇంటి ఆడపడుచు అని పాడిండు. శుక్రవారం అనిల్‌కుమార్ నాకు తన నోటితోనే చెప్పిండు."

జంపక్క చేతిలో పుల్ల పొయ్యిలోకి పోలేదు, బయటికి రాలేదు.

"రేపు విచారణల కోయ పెద్దమనుషులు కూడ కూసుంటరు గద పెద్దమ్మా?"

"కూసుంటరు."

"ఆ పాట వినంగనే ఏం చేస్తుండిరి?"

చేతిలో పుల్లను పొయ్యిలోకి తోసింది. తర్వాత జంపక్క, తనకు తానే చెప్పుకుంటున్నట్టు, నెమ్మదిగా అంది. "నవ్వుతుండిరి. అన్నచెల్లెండ్లకు పుట్టినోళ్లు కోయలెట్ల అయిండ్రు అని నవ్వుతుండిరి. కోయ ఇంట్ల పుట్టినోడెవడు గసుంటి వంశం తలకెత్తుకోడు. ఎత్తుకున్నడంటె కోయ కాదన్నట్టే." ఆమె కళ్లు గోడ వైపు తిరిగాయి. "అయితే అమ్ముడువోలే."

"పోలేదు."

"నాకెందుకు చెప్పలే మరి? నేనేమన్న పరాయిదాన్నా?"

ఇంటిగుట్టు లంకకు చేటని ముసలాయన అనుకుని ఉంటాడు. గుట్టు దాచినందుకే ఈ ఇల్లు కూలిందని ఆయన ఎప్పటికీ తెలుసుకోలేడు. హెప్సిబా ఇక గడప వైపు తిరిగింది. ఈ మాట జంపక్క లేనప్పుడు అడిగితే బాగుండేది. కాని రేపే విచారణ.

"బొజ్జయ్యా."

అతను ఫోను దించాడు.

"శుక్రవారం పొద్దున దాకా వాళ్లకు పాటల తిరకాసు ఉందని తెల్వదు. శనివారం పెదనాయినను మళ్ల పిలిచి తోటల పాడమన్నరు. చెట్టు కింద డోలు కాచిన బూడిద ఉంది, కుర్చీ ఏసిన గుంటలున్నయి, వీడియో తీసిన స్టాండు గుర్తులున్నయి. బాడెం అని మార్చి పాడమని ఉంటరు. ఆయన పాడ అని ఉంటడు. ఈ నడుమ ఎవరో వాళ్లకు పాటల ఉన్న తప్పు చూపిచ్చిండ్రు. పొర్తెం, గంధం ఒక్క గట్టని దొరకు తెల్వదు, కొడుకుకు తెల్వదు, అనిల్‌కు తెల్వదు. పాట విన్నోళ్లు అయిదుగురే. పెదనాయిన చెప్పుకోడు."

బొజ్జయ్య లేవలేదు. కాదనలేదు. మొదట తల్లిని చూశాడు, తర్వాత నేలను.

"తప్పు పాడిండనుకున్న," అన్నాడు.

ఫోను గడప మీద పెట్టాడు.

"ముసలోడైండు, మరిచిపోయిండనుకున్న అక్కా. ఊదుతున్నోన్ని ఊదుతనే ఆగిపోయిన. పొర్తెం అనంగనే నాకు చెమటలు వట్టినయ్. దార్ల అడుగుదమనుకున్న, బాధపడ్తడని అడగలే. విచారణల నలుగురు పెద్దల నడుమ గట్ల పాడితే డోలోళ్ల ఇంటి పరువేముంటది? రేపటెల్లి మమ్ముల పెండ్లికి పిలుస్తరా, చావుకు పిలుస్తరా? తాతల నాటి నుంచి మా ఇంట్ల ఎవరు పాట తప్పలే." మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "శుక్రారం పగటీలి దొర తోటల జామాయిల్ కర్ర కొట్టనీకి పోయిన. చెప్పిన. మా నాయిన ముసలితనంల ఒక్క పేరు తప్పిండు దొరా, బాడెం అని ఉండాలె, మళ్ల ఒకసారి పాడించుండ్రి, నేను చెప్పిన్నని మాత్రం చెప్పకుండ్రి అని."

"దొర ఏమన్నడు?"

"మంచోనివిరా అన్నడు. కొడుకంటె నీ లెక్కుండాలె అన్నడు. శనారం పనికి సారపాక పో అని చీటి ఇచ్చింది గూడ ఆయనే." అతను గోడ మీది డోలు వైపు చూశాడు. "రెండెకరాలు వస్తయని ఆశ కూడ ఉండె. లేదంటె అబద్ధం. కని పరువు కోసమే చెప్పిన. నిజంగ."

నిజమే చెబుతున్నాడు. హెప్సిబాకు అదే మింగుడు పడలేదు. అబద్ధం చెప్పినవాడైతే ఆమెకు ఏం చెయ్యాలో తెలుసు. పాట తప్పకూడదని తండ్రి దగ్గరే నేర్చుకున్నవాడు, ఆ నేర్పుతోనే తండ్రిని పట్టిచ్చాడు.

జంపక్క మొత్తం విన్నది. పొయ్యిలోంచి పుల్ల బయటికి లాగి, మంట తగ్గించి, అప్పుడు కొడుకును అడిగింది.

"నువ్వు పుట్టినకాడి నుంచి, మీ నాయిన ఒక్క పేరన్న తప్పంగ విన్నవారా?"

బొజ్జయ్య తల అడ్డంగా ఊపాడు.

"నేను ఆయనను నమ్మకపోతిని," అందామె. "నేను ఆడిదాన్ని, నాకు పాట తెల్వది. నువ్వు పక్కన కూసోని ఊదినోనివి."

ఇంక ఆమె అతని వైపు చూడలేదు.

హెప్సిబా పీట జరుపుకుని బొజ్జయ్యకు దగ్గరగా కూచుంది. "రేపు నిన్నే పాడమన్నరు గద?"

"అవ్. పొద్దుగాల కారు పంపుతమన్నరు. ఒప్పుకున్న. నాయిన వాగుల జారిపడ్డడనే అనుకున్న నేను, ఇప్పటిదాంక."

"పాడు. మీ నాయిన పాడినట్టే పాడు. పొర్తెం అను. అధికారి ముందు, మీ పెద్దల ముందు. ఒక్క పేరు చాలు, భూమి నిలబడ్తది. ఆ తర్వాత నా దగ్గరున్న గుర్తులు, నువ్వు శుక్రవారం చెప్పిన మాట, రెండు కలిపి చావు కేసు మళ్ల తెరిపిస్త. అప్పటి దాంక వాళ్లకు నువ్వు తెలుసుకున్నట్టు తెల్వొద్దు. నీ మొకం చూసి కూడ తెల్వొద్దు. తెలిస్తే నిన్ను విచారణ దాంక రానియ్యరు."

"బాడెం అంటే?"

"వాళ్లు కోయలైతరు. నువ్వు రెండెకరాల రైతువైతవు. అది కూడ వాళ్లిస్తే."

అతను అరచేతులు చూసుకున్నాడు. కర్ర మోసి కాయలు కాచిన చేతులు. ఏదో అడగబోయినట్టున్నాడు. అంతలో గూడెం మొదట్లో కారు హారన్ మోగింది. ఒకసారి, తర్వాత పొడుగ్గా ఇంకోసారి.

ముగ్గురూ అటు చూశారు. చింతచెట్ల సందులోంచి తెల్ల కారు దుమ్ములో ఆగుతూ కనబడింది. ముందు సీటు అద్దం దిగింది. లోపల అనిల్‌కుమార్.

రేపు రావాల్సిన కారు. తప్పు ఆమెదే. వాగు దగ్గర పొర్తెం అనకుండా ఉండాల్సింది. ఆ ఒక్క మాట విని అతను దొర దగ్గరికి పరిగెత్తాడు, సాక్షిని రాత్రికే చేతిలోకి తీసుకుంటున్నారు.

"బొజ్జయ్యా, జల్దీ రా," అని కారులోంచి కేక. "దొర రమ్మంటున్నడు. ఇయ్యాల రాత్రి అక్కడనే పండుకో, పొద్దుగాల కలిసే పోదం."

"జరమొచ్చిందని చెప్త," అంది హెప్సిబా గుసగుసగా. "లోపలికి పో. నేను మాట్లాడ్త."

బొజ్జయ్య లేచాడు. లోపలికి పోలేదు. దండెం మీది అంగీ తీసుకుని వేసుకున్నాడు, గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. ముఖం కడిగిన పలకలా ఉంది, దాని మీద ఏమీ రాసి లేదు. పొయ్యి దగ్గర తల్లి వీపు ముందు కాసేపు నిలబడ్డాడు. ఆమె అన్నం గంజి వారుస్తోంది. గంజి సన్నని ధారగా గిన్నెలోకి పడుతోంది. ఆమె తిరిగి చూస్తుందని హెప్సిబా అనుకుంది. అతనూ అనుకున్నట్టున్నాడు.

గంజి ఆగింది. జంపక్క కుండ నిలబెట్టి, మూత పెట్టి, పొయ్యి వైపే చూస్తూ కూచుంది.

హెప్సిబా అతని చెయ్యి పట్టుకోబోయింది. అతను మెల్లగా విడిపించుకుని గడప దాటాడు. పొర్తెం అంటాడో బాడెం అంటాడో చెప్పలేదు. అసలు రేపటి దాకా నోరు మూసుకుని ఉండగలడో, ఈ రాత్రే ఆ ఇంట్లో తండ్రి మాట ఎత్తి తనకు తానే గొయ్యి తవ్వుకుంటాడో చెప్పలేదు. ఆరబోసిన ఇప్పపువ్వు తొక్కకుండా పక్కనుంచి నడిచి, వెనక్కి తిరగకుండా, కారు దగ్గరికి వెళ్లిపోయాడు.